ఊసరవెల్లిని ఇంట పెంచవచ్చునా?

మాట నిలుకడ లేనివానిని ఊసరవెల్లితో పోల్చుట మనకు వాడుక. మన తమిళ సోదరులును దీనిని ‘పచ్చోంది’ యని పిలిచి, అదే అర్థమున వాడుదురు. రెండు భాషలయందును ఇంత అపకీర్తి మూటగట్టుకొన్న ఈ ప్రాణి నిజమునకు మిక్కిలి సాధువు. దీనికి విషము లేదు. నడక మెల్లనగుటచే పిల్లల చేతికి సులభముగా చిక్కును. చిక్కినదానిని అట్టపెట్టెలోనో గాజుసీసాలోనో ఉంచి పెంచవలెనను కోరిక పుట్టుటయు సహజమే. అట్టి కోరిక గల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొన్ని సంగతులు తెలుపదలచితిమి.

మొదట దీని శరీర నిర్మాణమును గమనింతము. కాలివ్రేళ్లు రెండును మూడును చొప్పున గుంపులుగా కలిసి, పటకారువలె కొమ్మను పట్టుకొనును. తోక కొమ్మకు చుట్టుకొనును. కన్నులు రెండును వేర్వేరు దిక్కులకు తిరుగగలవు. నాలుక దూరమునకు సాగి పురుగును పట్టి తెచ్చును. ఇవి యన్నియు చెట్టుమీది బ్రతుకునకు తగిన సాధనములు. పెట్టె అడుగున వీనివలన ప్రయోజనము లేదు.

చుట్టునున్న వస్తువుల రంగును అనుకరించుటకే ఊసరవెల్లి రంగు మార్చునని పలువురు తలంతురు. అది సరికాదు. ఎండ, చలి, భయము, కోపము మున్నగువానిని బట్టి రంగు మారును. చర్మమునందలి అతి సూక్ష్మ స్ఫటికముల నడిమి ఎడము మారుటచే ఈ మార్పు కలుగునని 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కరు దేశపు జాతియందు కనుగొనిరి. కావున చేతబట్టినంతనే నల్లబడిన ఊసరవెల్లి మనకు వినోదము చూపుట లేదు, బెదరుచున్నది.

ఇతర దేశములలో యెమెను మొదలగు ప్రాంతముల జాతులను పంజరములందు పెంచువారు కలరు. వారు పడు శ్రమ తెలిసికొనదగినది. గాజుపెట్టె తగదు, గాలి చక్కగా ఆడునట్టి ఎత్తైన వలపంజరము కావలెను. దానినిండ కొమ్మలు, ఆకులు ఉండవలెను. ఒక పంజరమున ఒక్కదానినే ఉంచవలెను. రెండవది కంటబడినను అది కలతచెందును. గిన్నెలోని నీటిని సాధారణముగా త్రాగదు. ఆకులపై జారు బిందువులనే త్రాగును. కనుక దినమునకు పలుమారులు నీరు చిలుకరింపవలెను. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు సోకనిచో దేహమున విటమిను ‘డి’ తగినంత ఏర్పడదు. అది లేక కాల్షియము ఎముకలకు పట్టదు. ఎముకలు మెత్తబడి వంగిపోవును. ఆహారముగా వేయు పురుగులపై కాల్షియము పొడి చల్లుటకు కారణమిదియే. ఆడదానికి గ్రుడ్లు పెట్టుటకు త్రవ్వదగిన మన్ను దొరకనిచో, గ్రుడ్లు కడుపుననే నిలిచి ప్రాణము తీయవచ్చును. కన్నులు లోనికి పోవుట నీటి కొరతకు గుర్తు. పగటివేళ కన్నులు మూసియుండుట వ్యాధికి సూచన. ఇవేవియు ఎరుగని ఇంట ఆ మూగప్రాణి సడి లేకుండ కృశించును.

ఇంతియకాదు. మన దేశపు ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. దానిని పట్టుటయు, ఇంట పెంచుటయు, అమ్ముటయు, చంపుటయు నేరములు. అంతర్జాతీయ ఒప్పందముచే రక్షింపబడిన విదేశపు జాతులు కలవారును 2024లో వెలువడిన నియమముల ననుసరించి ప్రభుత్వమునొద్ద నమోదు చేయింపవలెను.

అట్లయిన ప్రేమగలవారు చేయవలసినదేమి? పైన చెప్పిన ఎండ, మంచుబిందువులు, పురుగులు, మన్ను అన్నియు ఒక్క పొదయే ఉచితముగా ఇచ్చుచున్నది. చెన్నై పరిసరములలో ముండ్లపొదల అడవులు తరిగి ఇండ్లు పెరిగినవి. కావున పెరటనో, పాఠశాల ఆవరణముననో ఉన్న పొదను నరుకకుండుటయే మనము కట్టగల మంచి పంజరము. దానిపై పురుగుమందు చల్లరాదు. ఊసరవెల్లిని చూచి రాళ్లు రువ్వువారిని వారింపవలెను. వీథి దాటుచున్నదానిని కర్రపైకి ఎక్కించి, అది పోవుచున్న వైపు చెట్టుపై విడువవచ్చును. గాయపడినచో అటవీశాఖవారికి తెలుపవలెను.

సరీసృపములను గూర్చి తెలిసికొనగోరువారికి గిండీలో 1972లో ఏర్పడిన పాముల పార్కును, మహాబలిపురము దారిలో 1976లో వెలసిన మొసళ్ల బ్యాంకును కలవు. తల్లిదండ్రులు సెలవు దినమున పిల్లలను అచ్చటికి తీసికొనిపోవుట మేలు. ఊసరవెల్లిని మాత్రము దాని కొమ్మమీదనే చూచి ఆనందింతము.