బహుమతి కార్డు – పాట వెల

వస్తువునకు వెల కట్టుట అమ్మువాని హక్కు. నేడు కట్టిన వెలను రేపు మార్చుటయు అతని హక్కే. కాని ఆ వెలను ముందుగా అచ్చువేసి చూపి, దానిని నమ్మినవారి యొద్ద సొమ్ము నేడే పుచ్చుకొని, సరుకును మాత్రము రేపు క్రొత్త వెలకు లెక్కకట్టి ఇయ్యవచ్చునా? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. అమెరికా దేశమున ఒక పాటకు 30 సెంట్ల తేడా వచ్చినందున ఇదే ప్రశ్న న్యాయస్థానముల కెక్కినది. బహుమతి కార్డులును, నెలసరి చందాలును, సెల్‌ఫోనులో పాటలును మన పల్లెలకు కూడ చేరిన ఈ దినములలో ఆ వ్యాజ్యపు వృత్తాంతము మనకును ప్రయోజనకరము.

ముందుగా బహుమతి కార్డు అనగా నేమో చూతము. అది ఒక అంగడి ముందుగా సొమ్ము పుచ్చుకొని ఇచ్చెడి చీటి. పూర్వము మన యూళ్లలో వర్తకుడు చీటి వ్రాసి ఇచ్చుట గలదు. ఆ చీటిలో రెండు విధములు. “ఈ చీటి తెచ్చినవారికి 100 రూపాయల సరుకు ఇయ్యవలెను” అనునది ఒకటి. “ఈ చీటి తెచ్చినవారికి ఒక బస్తా కందులు ఇయ్యవలెను” అనునది రెండవది. మొదటి దానిలో వర్తకుడు సొమ్మునకు బాధ్యుడు. కందుల ధర పెరిగినచో ఆ నష్టము చీటి గలవానిది. రెండవ దానిలో సరుకునకు బాధ్యుడు. ధర పెరిగినను బస్తా ఇచ్చి తీరవలెను. ఇక ఆ చీటి మీద “100 రూపాయలు” అనియు, దాని క్రిందనే “కందులు కిలో ఇంత” అనియు రెండును వ్రాసియున్నచో, అది ఏ విధమైన చీటి? వ్యాజ్యమంతయు ఈ మూడవ విధమైన చీటిని గురించియే.

ఆపిల్ అను అమెరికా కంపెనీ 2003 ఏప్రిల్ 28వ తేదీన ఐట్యూన్స్ అను పాటల అంగడిని తెరచెను. దీనికి గోడలు లేవు, బల్లలు లేవు. కంప్యూటరు ద్వారా పాటను ఎన్నుకొని, సొమ్ము చెల్లించి, తన యంత్రములోనికి దింపుకొనవలెను. ఆరంభమున 2 లక్షల పాటలు అందుండెను. ఏ పాటయైనను వెల 99 సెంట్లు. అనగా ఒక డాలరునకు ఒక సెంటు తక్కువ. క్రొత్త పాటకును అదే వెల, పాత పాటకును అదే వెల. ఆ అంగడి అంత వేగముగా ప్రజాదరణ పొందుటకు గల కారణములలో ఈ ఏకధర ఒకటి. కొనువానికి బేరము లేదు, సందేహము లేదు.

పాటల హక్కులు గల రికార్డు కంపెనీలకు ఈ పద్ధతి తృప్తికరముగా నుండలేదు. జనము విరగబడి కొను క్రొత్త పాటకును, ఎవరును అడుగని పాత పాటకును ఒకే వెల యేమని వారి వాదము. కొన్నియేండ్ల సంప్రదింపుల పిమ్మట, 2009 జనవరి 6వ తేదీన ఆపిల్ కంపెనీ మూడు వెలలను ప్రకటించెను: 69 సెంట్లు, 99 సెంట్లు, 1 డాలరు 29 సెంట్లు. పాటలకు వేసియున్న నకలు నిరోధపు తాళములను తొలగింతుమని కూడ అప్పుడే చెప్పిరి. ఆ యేడు ఏప్రిల్ 7వ తేదీనుండి క్రొత్త వెలలు అమలులోనికి వచ్చినవి. సహజముగనే ఎక్కువమంది కోరు పాటలు పై వెలకు ఎక్కినవి.

ఇంతవరకును ఆక్షేపింపదగిన దేమియు లేదు. కాని అప్పటికే లక్షల కొలది బహుమతి కార్డులు జనుల చేతులలో నుండెను. వానిలో కొన్నింటిపై పాట ఒక్కింటికి 99 సెంట్లు అని అచ్చువేసి యుండెను. 15 డాలర్ల కార్డును తీసికొందము. పన్నును విడిచి లెక్కించినచో, 99 సెంట్ల చొప్పున దానితో 15 పాటలు వచ్చును; ఇంకను 15 సెంట్లు మిగులును. 1 డాలరు 29 సెంట్ల చొప్పున 11 పాటలు మాత్రమే వచ్చును. మిగిలిన 81 సెంట్లతో అట్టి పాట మరియొకటి రాదు. కార్డు మారలేదు, దానిపై అచ్చు మారలేదు. నాలుగు పాటలు మాత్రము తగ్గిపోయినవి.

దీనిపై 2009లోనే ఇల్లినాయి రాష్ట్రమందలి ఫెడరల్ న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలయ్యెను. వాదుల పక్షము ఇది: కార్డుపై అచ్చువేసిన మాట ఉబుసుపోకకు చెప్పినది కాదు, దానిని చూచియే మేము సొమ్ము చెల్లించితిమి, సొమ్ము పుచ్చుకొన్న పిదప ఆ మాట ఒప్పందములో భాగమైనది. ఇట్టి సందర్భములలో అమ్మువాని పక్షమున సాధారణముగా వినవచ్చు వాదమును కూడ న్యాయముగా చెప్పవలెను: కార్డు విలువ దానిపై నున్న డాలర్లే, ఆ విలువలో ఒక సెంటు కూడ తగ్గలేదు, ధరలు మారుచుండునని నిబంధనలలో ముందే చెప్పబడియుండును, ఏ వర్తకుడును ఎల్లకాలమును ఒకే ధరకు అమ్మెదనని ప్రమాణము చేయడు.

ఈ రెండు వాదములలోను బలము గలదు. అందుచేత తీర్పునకు మూలము సన్నని అచ్చులోని నిబంధనయా, పెద్ద అచ్చులోని ప్రకటనయా అను దానిపై నిలుచును. మార్కాపురపు పలక మీద వ్రాసిన లెక్కను బట్టతో తుడిచి మరల వ్రాయవచ్చును. అచ్చువేసి, అమ్మి, సొమ్ము పుచ్చుకొన్న కార్డు అట్టి పలక కాదు. అమ్మినవాడు తన దుకాణములోని పలకను తుడుచుకొనవచ్చును గాని, కొన్నవాని చేతిలోని చీటిని తుడువలేడు.

వ్యాజ్యము తుది తీర్పువరకు పోలేదు. 2012లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటా క్లారా కౌంటీ న్యాయస్థానమున రాజీ కుదిరినది. 99 సెంట్లు అని అచ్చుపడిన కార్డును ఉపయోగించి, 2010 మే 10వ తేదీలోపల 1 డాలరు 29 సెంట్ల పాటను కొన్నవారికి, అర్జీ పెట్టుకొన్నచో 3 డాలర్ల 25 సెంట్లు జమకట్టుటకు కంపెనీ సమ్మతించెను. తాను తప్పు చేసినట్లు మాత్రము ఒప్పుకొనలేదు. ఆ జమయు రొక్కము కాదు. అదే అంగడిలో ఖర్చుపెట్టుకొన దగినది. 30 సెంట్ల చొప్పున లెక్కించినచో అది సుమారు 11 పాటల తేడాకు సరిపోవును.

ఇంత స్వల్పమునకు ఇంత శ్రమయా యని కొందరు నవ్వవచ్చును. కాని విషయము ఇక్కడనే యున్నది. ఒక మనిషికి 30 సెంట్లు పోయినచో అతడు న్యాయవాది యొద్దకు పోడు. పోయినను ఫీజునకే చాలదు. పది లక్షల మందికి తలకు 30 సెంట్లు పోయినచో, అవతలి ఖాతాలో 3 లక్షల డాలర్లు చేరును. నష్టము చెదరిపోయి కంటికి కనబడదు. లాభము ఒకచోట రాశిపడును. అందువలననే ఒకే విధముగా నష్టపోయిన వారందరి పక్షమున ఒకరిద్దరు వ్యాజ్యము నడుపు పద్ధతి ఆ దేశమున బాగుగా వాడుకలో నున్నది. మన చట్టమునందును ఈ మార్గము గలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 35వ సెక్షను ప్రకారము, ఒకే ప్రయోజనము గల అనేకుల పక్షమున ఒకరు లేక కొందరు, కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చును.

ఇప్పుడు ఈ ప్రశ్నను మన యూరికి తెచ్చి చూతము. హనుమంతునిపాడులో నున్న తల్లిదండ్రులకు బెంగుళూరులో ఉద్యోగము చేయు కుమారుడు 1,000 రూపాయల బహుమతి కార్డు పంపెననుకొందము. దానిపై ఒక సేవకు ఇంత వెల యని అచ్చువేసి యున్నది. వాడబోవునప్పటికి వెల హెచ్చినది. వారికి దారి యేమి?

మొదటిది: మన చట్టము ఫిర్యాదునకు తగిన కారణములను చెప్పుచు, వస్తువుపై గాని దాని కట్టపై గాని చూపిన ధరకన్న, ప్రదర్శించిన ధరల పట్టికకన్న, ఉభయుల మధ్య కుదిరిన ధరకన్న ఎక్కువ వసూలు చేయుటను అందు చేర్చినది. సేవలకును ఇది వర్తించును. కావున కార్డుపై అచ్చువేసిన వెల ‘కుదిరిన ధర’యే యని వాదించుటకు అవకాశమున్నది. తప్పుదారి పట్టించు ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

రెండవది: 1986 నాటి పాత చట్టము క్రింద ప్రతివాది యున్నచోట, లేక వ్యవహారము జరిగినచోట ఫిర్యాదు చేయవలసి యుండెను. పెద్ద నగరములోని కంపెనీపై పశ్చిమ ప్రకాశపు రైతు పోరాడుట దుర్ఘటముగా నుండెడిది. 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము ఈ కష్టమును తొలగించినది. ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లా కమిషన్ యెదుటనే అర్జీ పెట్టుకొనవచ్చును. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షల రూపాయలు మించనిచో ఫీజు లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. అయితే కారణము కలిగిన నాటినుండి రెండేండ్లలోపల దాఖలు చేయవలెను. ఒప్పందములోని షరతే అన్యాయమైనదని వాదింపదలచినచో మాత్రము జిల్లా కమిషన్ చాలదు. రాష్ట్ర కమిషన్ యొద్దకు పోవలెను.

కార్డు గడువును గురించియు తెలిసికొనవలెను. అమెరికాలో 2009 నాటి చట్టము వలన, 2010 ఆగస్టు 22వ తేదీనుండి, అయిదేండ్లలోపల బహుమతి కార్డు సొమ్ము చెల్లకుండ పోరాదను నియమము ఏర్పడినది. మన రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 27వ తేదీన జారీచేసిన ఆదేశములు, అనేక అంగళ్లలో చెల్లు ముందస్తు చెల్లింపు సాధనములకు కనీసము ఒక సంవత్సరపు గడువును, బహుమతి సాధనమునకు 10,000 రూపాయల పరిమితిని నిర్దేశించినవి. కాని ఒక అంగడి తన సరుకులకు మాత్రమే చెల్లునట్లు ఇచ్చు కార్డు ఆ ఆదేశముల పరిధిలోనికి రాలేదు. కనుక బ్యాంకు ఇచ్చిన కార్డును, వస్త్రదుకాణము ఇచ్చిన కార్డును ఒకే తీరుగా భావింపరాదు. రెండవ దానికి అంగడివాడు వ్రాసిన నిబంధనలును, వినియోగదారుల చట్టమును మాత్రమే రక్ష.

పాటను విడిగా కొను వాడుక ఇప్పుడు తగ్గినది. నెలకో యేటికో చందా కట్టి వినుట హెచ్చినది. రేడియోకు పూర్వము తపాలా కార్యాలయములో ఏటేట లైసెన్సు రుసుము కట్టిన పెద్దలకు ఈ పద్ధతి క్రొత్త కాదు. అయితే చందా వెలలును మారుచుండును. యూట్యూబ్ ప్రీమియం నెలసరి చందా 2024 ఆగస్టులో మన దేశమున 129 రూపాయలనుండి 149 రూపాయలకు పెరిగినది. రాబోవు నెలలకు ముందుగా తెలిపి వెల పెంచుట వేరు. సొమ్ము పుచ్చుకొన్న కాలమునకే వెల పెంచుట వేరు. మొదటిది నచ్చనిచో మానుకొనవచ్చును. రెండవది ప్రశ్నింపదగినది. ఖాతానుండి తమంతట తామే తీసికొను చందాలకు 24 గంటల ముందు తెలియజేయవలెనని రిజర్వు బ్యాంకు నియమము పెట్టినది. ఆ సందేశమును చదువక తుడిచివేయుట మన పొరపాటగును.

మరియొక హెచ్చరిక. కార్డుపై గీకగా కనబడు సంఖ్యయే సొమ్ము. దానిని ఫోనులో చెప్పుట నోట్లకట్టను చేతికిచ్చుటతో సమానము. మోసగాండ్రు అధికారులమనియు, పై యుద్యోగులమనియు నమ్మించి కార్డులు కొనిపించి, సంఖ్యలు చెప్పించుకొన్న సందర్భములు అనేకములు. ఇట్టి మోసములలో నష్టపోయిన వారు వేసిన వ్యాజ్యమున ఆపిల్ కంపెనీ 2024లో 3 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీపడినది. ఏ ప్రభుత్వ కార్యాలయమును బహుమతి కార్డులతో రుసుము పుచ్చుకొనదు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. వర్తక విషయమైన ఫిర్యాదునకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

ఈ మార్గములన్నింటికిని ఆధారము సాక్ష్యము. కార్డును వాడిన వెంటనే పారవేయరాదు. దాని రెండు ప్రక్కలను ఫోటో తీసి యుంచవలెను. కొన్న రసీదును, వెల చూపిన ప్రకటనను, మారిన వెలను తెలుపు సందేశమును తేదీలతో భద్రపరుపవలెను. మొదట కంపెనీకి వ్రాతమూలకముగా అడుగవలెను. వారి జవాబును దాచవలెను. కార్డుపై 99 సెంట్లని అచ్చుపడి యుండుటయే అమెరికా వ్యాజ్యమునకు ప్రాణము. ఆ అచ్చు లేనిచో వాదులకు చెప్పుకొనుటకు మాట యుండెడిది కాదు.

వెలలు పెరుగుట తప్పదు. పెంచినవారందరును మోసగాండ్రును కారు. కాని సొమ్ము ముందు పుచ్చుకొన్నవాడు మాటకు ముందు కట్టుబడవలెను. ఆ కట్టుబాటు 30 సెంట్ల యొద్ద సడలినచో 3,000 రూపాయల యొద్దను నిలువదు. చిన్న మొత్తమును అడుగుటకు సిగ్గుపడని కొనుగోలుదారుడే పెద్ద మొత్తములలో కూడ వర్తకమును నిజాయితీగా నుంచగలడు.