క్రాంక్‌షాఫ్ట్ మార్చాలా? ముందు కొలవాలి

కారు ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. చక్రాలు మాత్రం గుండ్రంగా తిరగాలి. పిస్టన్ చలనాన్ని భ్రమణ చలనంగా మార్చే భాగమే క్రాంక్‌షాఫ్ట్. ఇది అరిగిపోయినప్పుడు దాని స్థానంలో సరైనదాన్ని ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉదాహరణకు, ఒక పాత అంబాసిడర్ టాక్సీని తీసుకుందాం. దాని పెట్రోలు ఇంజను సామర్థ్యం 1489 సి.సి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి, విడిభాగాల కోసం పాత సామాన్ల దుకాణాలకు కూడా వెళ్ళవలసి వస్తుంది. ఇంజను లోపల కొట్టుకుంటున్న శబ్దం వస్తోంది. ఆయిల్ ప్రెషరు పడిపోయింది. దుకాణదారుడు ఒక షాఫ్ట్ చూపించి, “ఇది ఆ బండిదే” అంటాడు. కొనవచ్చా? తప్పు షాఫ్ట్ బిగిస్తే ఇంజను మొత్తం పాడవుతుంది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ యజమాని ఇంట్లో రాబడి ఉండదు.

మొదటి ప్రశ్న: అసలు మార్చవలసిన అవసరం ఉందా? బేరింగులలో తిరిగే నునుపైన భాగాలను జర్నల్స్ అంటారు. పిస్టన్ తోసే బలం జర్నల్ చుట్టూ ఒకే విధంగా పడదు. అందువల్ల అది ఒక పక్కన ఎక్కువ అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. మైక్రోమీటరుతో ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిశలలో, జర్నల్ రెండు చివరలా వ్యాసాన్ని కొలవాలి. తేడా కంపెనీ మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే గ్రైండింగ్ చేయించాలి. ఈ ఇంజన్లకు పది థౌ, ఇరవై థౌ చొప్పున వ్యాసం తగ్గిస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పది థౌ అంటే 0.254 మి.మీ. తగ్గిన మేరకు మందమైన బేరింగ్ షెల్స్ వేయాలి. జర్నల్‌కు రెండు పక్కలా షెల్ ఉంటుంది కనుక ఒక్కొక్కటి 0.127 మి.మీ. మందంగా ఉంటే చాలు. చివరి అండర్‌సైజ్ కూడా దాటిపోతేనో, షాఫ్ట్ పగిలితేనో దాన్ని మార్చవలసి వస్తుంది.

రెండవ ప్రశ్న: చూపించిన షాఫ్ట్ మన ఇంజనుకు సరిపోతుందా? స్ట్రోక్ అంటే పిస్టన్ కింది నుంచి పైకి ప్రయాణించే దూరం. ఇది క్రాంక్ వ్యాసార్థానికి రెట్టింపు. మన ఇంజనులో సిలిండర్ వ్యాసం 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ. సిలిండర్ అడ్డుకోత వైశాల్యాన్ని స్ట్రోక్‌తోనూ, నాలుగు సిలిండర్లతోనూ గుణిస్తే 1489 సి.సి. వస్తుంది. అయితే స్ట్రోక్ కలిసినంత మాత్రాన సరిపోదు. 1962లో బ్రిటన్‌లో వచ్చిన ఎంజిబి కారు ఇంజను ఈ కుటుంబానికే చెందింది. దాని స్ట్రోక్ కూడా 88.9 మి.మీ. కానీ 1964లో దాని మెయిన్ బేరింగులు మూడు నుంచి అయిదుకు పెరిగాయి. అయిదు బేరింగుల షాఫ్ట్ మూడు బేరింగుల బ్లాకులో కూర్చోదు. కాబట్టి స్ట్రోక్, బేరింగుల సంఖ్య, జర్నల్స్ వ్యాసాలు, ఫ్లైవీల్ బిగించే రంధ్రాలు, పార్ట్ నంబరు అన్నీ కలవాలి.

మూడవ ప్రశ్న: షాఫ్ట్ లోపల ఆరోగ్యంగా ఉందా? నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, ప్రతి సిలిండరులోనూ నిమిషానికి 1500 సార్లు ఇంధనం మండుతుంది. అంటే గంటకు 90,000 దెబ్బలు! ఇలా పదేపదే పడే బలం వల్ల లోహం అలసిపోయి, సన్నని పగులు పుడుతుంది. జర్నల్ పక్క గోడను కలిసే మూలలో ప్రతిబలం ఎక్కువ. అందుకే అక్కడ చిన్న వంపు ఉంచుతారు. గ్రైండింగ్‌లో ఆ వంపు పోయి పదునైన మూల మిగిలితే, పగులు అక్కడే మొదలవుతుంది. కంటికి కనబడని పగులును కనిపెట్టడానికి షాఫ్ట్‌ను అయస్కాంతీకరించి సన్నని ఇనుప పొడి చల్లుతారు. పగులు ఉన్నచోట పొడి గీతలా చేరుతుంది. తరువాత షాఫ్ట్‌ను వి-బ్లాకులపై పెట్టి తిప్పుతూ, డయల్ గేజ్‌తో వంకర చూడాలి.

నాలుగవ ప్రశ్నను చాలామంది మరచిపోతారు: పాత షాఫ్ట్ ఎందుకు చెడింది? జర్నల్‌కూ బేరింగ్‌కూ మధ్య సన్నని ఆయిల్ పొర ఉంటుంది. 50 మి.మీ. జర్నల్‌కు ఆ సందు సుమారు 0.05 మి.మీ. మాత్రమే. ఆయిల్ పంపు బలహీనపడినా, ఆయిల్ దారిలో మడ్డి పేరుకున్నా ఆ పొర తెగి, లోహం లోహాన్ని రాస్తుంది. ఆ కారణాన్ని సరిచేయకుండా కొత్త షాఫ్ట్ బిగిస్తే, అదీ అదే దారి పడుతుంది.

దీన్నిబట్టి, “ఆ బండిదే” అన్న మాట సరిపోదని, మైక్రోమీటరు, మాన్యువల్, పగుళ్ళ పరీక్ష మూడూ ఒప్పుకున్నాకే డబ్బు చెల్లించాలని గ్రహించాలి.

ఆలోచించండి: పొరపాటున 2 మి.మీ. ఎక్కువ స్ట్రోక్ ఉన్న షాఫ్ట్ బిగిస్తే, పిస్టన్ ఎంత పైకి వస్తుంది? అప్పుడు ఏ ప్రమాదం ఉంది?