తోట యింటి ఎర్తు

ఊరి తీగలు చేరని తోట యిండ్లలో సౌరఫలకములు, బ్యాటరీలు, ఇన్వర్టరు అమర్చి దీపములను, చిన్న మోటార్లను నడుపుకొనువారు మన హోసూరు ప్రాంతమునను గలరు. ఎర్తు సంగతి యడిగినచో, “గుంత త్రవ్వి ఉప్పు, బొగ్గు వేసినాము, వేసవిలో నీళ్లును పోయుచున్నాము” అందురు. (భూబంధనమను పుస్తకపు మాట చెప్పిన దుకాణములో నెవరికిని తెలియదు, తమిళులైనను, తెలుగువారైనను ఎర్తు అనియే యందురు.) గుంత మంచిదే. గుంత యొక్కటియే ప్రాణము కాపాడునను నమ్మకము మాత్రము మంచిది కాదు.

భూమి విద్యుత్తును త్రాగివేయదు. విద్యుత్తు తాను బయలుదేరిన చోటికే మరలి చేరవలెను. తోటలో ఆ చోటు ఇన్వర్టరు. ఇన్వర్టరు న్యూట్రలునకు ఎర్తుతో సంబంధము లేనిచో, మోటారులో ఫేజు తీగ పొర చెడి ఇనుప తొడుగునకు తగిలినను తిరుగుదారి లేనందున ఏమియు జరుగదు, ఎవరికిని తెలియదు. కొన్నాళ్లకు ఎర్తు తీగ లేని వేరొక పరికరములో న్యూట్రలు తీగ అట్లే తొడుగునకు తగిలెనా, ఆ రెంటిని రెండు చేతుల ముట్టినవాని మీద 230 వోల్టులు పడును.

న్యూట్రలును గుంతకు కలిపిన చాలునా? పై తరగతుల విద్యార్థులు ఈ లెక్క చేసి చూడుడు. ఇంటి గుంతకు 10 ఓములు, మోటారు కడ వేరుగా త్రవ్విన గుంతకు 10 ఓములు నిరోధ మనుకొందము. 230ని 20చే భాగింపగా 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీనికి పడదు. తొడుగు మీద 115 వోల్టులు నిలిచియుండును. తడి కాళ్లతో మడికి నీరు కట్టువానికి అది చాలును. రెండు గుంతలను రాగి తీగతో కలిపిన నిరోధము మిక్కిలి తగ్గును, నిజమే. కాని ఊరి ట్రాన్స్‌ఫార్మరు వందల ఆంపియర్లు ఈయగా, 3 కిలోవాట్ల ఇన్వర్టరు ఈయగలది 13 ఆంపియర్లు, క్షణకాలము మరికొంత. కావున ఇక్కడ ఎం.సి.బి.ని నమ్మి యుండరాదు.

ఆర్.సి.సి.బి. కావలెను. ఫేజున పోయినదానిని, న్యూట్రలున వచ్చినదానిని సరిచూచి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపించిన వెంటనే అది కరెంటు నాపును. న్యూట్రలు, ఎర్తు కలియు చోటు దీనికి ముందు, అనగా ఇన్వర్టరు వైపున, ఒక్కటియే ఉండవలెను. రెండవచోట కలిపిన, నిత్యపు కరెంటులో కొంత ఎర్తు తీగ వెంట పోవును, ఆర్.సి.సి.బి. ఊరక పడిపోవును, లేదా పడవలసినపుడు పడదు. కొన్ని ఇన్వర్టర్లలో ఈ బంధము లోపలనే యుండును గనుక, దానితో వచ్చిన పుస్తకము చూడక పనివానిచే తీగ కలిపింపకుడు.

ఫలకముల చట్రములును ఈ యెర్తునకే చేరవలెను. పిడుగు సమీపమున పడినపుడు వేరువేరు గుంతల నడుమ వేల వోల్టుల భేద మేర్పడును.

బ్యాటరీ సంగతి వేరు. 48 వోల్టులు పొడి చేతికి సాధారణముగా షాకు కొట్టవు. కాని స్పానరు రెండు కొనలకు తగిలిన వేల ఆంపియర్లు పారి ఇనుము ఎఱ్ఱగా కాలును. దీనిని ఎర్తు ఆపజాలదు. ధనధ్రువమునకు దగ్గరనే డి.సి. ఫ్యూజు ఉండవలెను.

ఇక మూడు కాళ్ల ప్లగ్గు. అందులో ఎర్తు కాలు తక్కిన వానికన్న ముందు తగులుటకై పొడుగుగా నుండును. దానిని విరిచి రెండు కాళ్ల సాకెట్టులో దూర్చినచో, ఇంత శ్రమపడి వేసిన ఎర్తు తీగ గోడ కడనే ఆగిపోవును.