కంఠముమీది గడ్డ

చింతపల్లి, కొయ్యూరు మన్యములనుండి దిగివచ్చువారికి నర్సీపట్నమే తొలి పట్టణము. కొండసీమలలో ఏండ్లతరబడి కురియు వానలకు నేలలోని అయొడిను కొట్టుకొనిపోవును. అది చాలనిచో కంఠమునందలి థైరాయిడు గ్రంథి ఉబ్బి గళగండమగును. గళగండము చాలవరకు రాచపుండు కాదు. కాని అయొడిను కొరతగల సీమలలో ‘ఫాలిక్యులర్’ అను జాతి థైరాయిడు కాన్సరు ఇతరచోట్లకంటె హెచ్చుపాలున కానవచ్చును. అందును స్త్రీలలోనే ఎక్కువ.

నొప్పిలేని గడ్డ గనుక పైట చాటున దాచుకొని, ఆకుపసరులతోను వాతలతోను కాలము గడపువారు కలరు. ఇది తగదు. గడ్డ త్వరగా పెరిగినను, గట్టిపడినను, గొంతు బొంగురుపోయినను జాగుచేయరాదు. మొదట నర్సీపట్నము ప్రాంతీయ ఆసుపత్రిలో చూపవలెను. అచ్చటివారు పంపినచో విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రికిగాని, అగనంపూడిలోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రికిగాని పోవచ్చును. అగనంపూడి విశాఖకు పోవు త్రోవలోనే, అనకాపల్లి దాటిన పిదప తగులును.

ఈ జాతిలో ఒక చిక్కు కలదు. సన్నని సూదితో కణములను తీసి చూచినను గడ్డ మంచిదో చెడ్డదో తేలదు. రెండింటను కణములు ఒకే తీరున నుండును. గడ్డ తన పైపొరను చీల్చుకొని వచ్చినదా, రక్తనాళములలో జొరబడినదా అనునదే గుర్తు. అందుచే గ్రంథిలో ఆ వైపు భాగమును తీసి పరీక్షింపవలసి యుండును. “రోగమేదో తెలియకయే కోయుదురా?” అని బంధువులు అడుగుట సహజమే. కోసిననే తెలియు రోగమిది.

పొరను స్వల్పముగా దాటిన చిన్నగడ్డకు ఆ శస్త్రచికిత్సయే చాలవచ్చును. ఎక్కువగా విస్తరించినచో గ్రంథినంతను తీసి, పిమ్మట రేడియో అయొడినును లోనికిత్తురు. థైరాయిడు కణములు అయొడినును పీల్చుకొను స్వభావము గలవి గనుక, ఊపిరితిత్తులలోగాని ఎముకలలోగాని మిగిలిన రోగకణములను సైతము ఈ మందు చాలమారులు చేరి చంపగలదు. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు దీనిని ఈయరు. తీసికొన్నవారు కొలదిదినములు పసిపిల్లలకు దూరముగా నుండవలెను.

గ్రంథినంతను తీయించుకొన్నవారు ప్రతి ఉదయము పరగడుపున థైరాక్సిను మాత్రను జీవితాంతము మ్రింగవలెను. ఒంటికి హాయిగానున్నదని దానిని మానుటయే మేము మిక్కిలి భయపడు విషయము.

రోగము పొరను స్వల్పముగా దాటినవారిలో నూటికి 90 మందికి పైగా పదేండ్ల తరువాతను జీవించియుందురు. 55 ఏండ్లు దాటినవారికిని, ఎముకలకు పాకినవారికిని ఆశ తగ్గును. అయినను చికిత్స కలదు.

ఇక ఉప్పు సంగతి. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్నము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, 1956లో కాంగ్రా లోయలో సహచరులతో ఆరంభించిన పరిశోధనలో అయొడిను కలిపిన ఉప్పుచే గళగండము తగ్గునని చూపిరి. ఈ ఉప్పు కాన్సరును మాన్పదు. గళగండము రాకుండుటకు మాత్రము ఇంతకంటె చవుకైన మందు లేదు. దానిని మూతగల డబ్బాలో, పొయ్యికి ఎడముగా నుంచి, కూర దించబోవునప్పుడు వేయుట మేలు.