మునిగిన పడవ, నానిన పడవ: ఏది కొనాలి?

నంద్యాల జిల్లా అనగానే కరువు సీమ గుర్తొచ్చేవారికి ఇక్కడ పడవల ముచ్చట వింతగా తోచవచ్చు. కానీ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఈ జిల్లాలో శ్రీశైలం జలాశయం ఉంది, వెలుగోడు, గోరకల్లు, అవుకు ఉన్నాయి. ఆళ్లగడ్డ ప్రాంతం మీదుగానే తెలుగుగంగ కాలువ బ్రహ్మంసాగర్‌కు వెళుతుంది. ఇన్ని నీళ్లలో చేపలు పట్టేవారికి పడవ కావాలి. కొత్త ఫైబర్ పడవ, దానికో ఇంజను కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి పాతవాటికి గిరాకీ. వాటిలో మరీ చౌకగా వచ్చేవి రెండు రకాలు: వరదలో ఒకసారి మునిగి తేలినవి, వాననీళ్లు నిండి ఏళ్ల తరబడి కట్ట మీద పడి ఉన్నవి. మునిగిందంటే ఎవరైనా భయపడతారు, మునగనిదాన్ని నమ్ముతారు. నా లెక్క దీనికి తలకిందులు. ఎంత లోతున మునిగిందన్నది కాదు, గాలి తగిలేచోట ఎంతకాలం తడిగా ఉందన్నదే పడవ ఆయుష్షును తేలుస్తుంది.

కారణం చెక్కలో ఉంది. ఫైబర్ పడవ అంటాం గానీ, చాలావాటి లోపల చెక్క దాగి ఉంటుంది. ఇంజను బిగించే అమరం పలక, అడుగున నిలువునా సాగే దన్నుకర్రలు, పైన నడిచే తట్టు, వీటికి ప్లైవుడ్డో కలపో పెట్టి పైన గాజునార, రెసిన్‌తో పొర వేస్తారు. బోల్టు రంధ్రాల గుండా నీరు లోపలికి చేరుతుంది. చేరాక పొర దాన్ని బయటికి పోనివ్వదు. చెక్కను తినే శిలీంధ్రానికి తేమ, వెచ్చదనం, ఆక్సిజన్ మూడూ కావాలి. చెక్కలో తేమ దాని ఎండు బరువులో 20 శాతానికి లోపుంటే అది పెరగదు. 30 శాతం దగ్గర, 25 నుంచి 30 డిగ్రీల వేడిలో విజృంభిస్తుంది. చెక్క పూర్తిగా నీట మునిగితే ఆక్సిజన్ అందక మళ్లీ ఆగిపోతుంది. స్వీడన్ యుద్ధనౌక వాసా 1628లో మునిగి 1961లో బయటికొచ్చింది. 333 ఏళ్లు బురదనీటిలో నిలిచిన ఆ ఓక్ కలపను, పైకి తీశాక కాపాడటానికి ఏళ్ల తరబడి రసాయనాలు చల్లాల్సి వచ్చింది. ఇంకొక మాట: ఉప్పు శిలీంధ్రాన్ని కొంత అణచిపెడుతుంది. అందుకే సముద్రంలో తిరిగే పడవను కూడా పుచ్చబెట్టేది ఎక్కువగా పైనుంచి పడే వాననీరే. మన జలాశయాల్లో ఉన్నదంతా మంచినీరే కాబట్టి ఆ పాటి రక్షణ కూడా లేదు.

‘మన ఎండ ముందు తడి ఎంత? వేసవిలో రెండు నెలలు బోర్లిస్తే చాలు’ అనేవారుంటారు. ఎండ గట్టిదే. కానీ రెండు వైపులా పొర కప్పిన పలకలోని నీరు ఆ సన్నని రంధ్రాల గుండానే పోవాలి, అది నెలల్లో తేలే పని కాదు. ఒకవేళ ఆరినా శిలీంధ్రం నిద్రపోతుందంతే, పోయిన బలం తిరిగి రాదు. చెక్క బరువు పదో వంతు తగ్గేసరికే బలం సగానికి పైగా పోయి ఉండవచ్చు, పైకి మాత్రం పలక పలకలాగే కనిపిస్తుంది. ‘తాతలనాటి నుంచి పుట్టిని బాగుచేసుకుంటూ వాడటం లేదా?’ అనే ప్రశ్న ఇంతకంటే బలమైనది. తుంగభద్ర, కృష్ణల్లో తిరిగే పుట్టి వెదురు అల్లిక. లోపలివైపు తెరిచే ఉంటుంది, ఒడ్డున బోర్లిస్తే ఆరిపోతుంది, విరిగిన బద్ద కంటికి కనిపిస్తుంది, పై కప్పు మార్చుకోవచ్చు. ఫైబర్ పడవలో చెక్కకు ఆ వెసులుబాటు లేదు. పుట్టి అనుభవంతో ఫైబర్ పడవను బేరమాడితే మోసపోయేది కొనేవాడే.

కాబట్టి చూడాల్సింది రంగును కాదు. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పెట్టే ముందు రాయిని తట్టి వింటాడు. పగులున్న రాయి మోగదు. పడవనూ అలాగే చిన్న సుత్తితో జానెడు జానెడు దూరాన తట్టుతూ పోతే గట్టి పలక ఖణీమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట లోపలివైపు నుంచి సన్న రంధ్రం వేయాలి. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే మంచిదే. నల్లగా, తడిగా, బూజు వాసనతో వస్తే ఆ పలక పోయినట్టే. తేలడానికి లోపల నింపిన ఫోమ్ నీరు పీల్చి ఉంటే చెవికి దొరక్కపోవచ్చు. దానికి వేబ్రిడ్జి ఉంది: ట్రాక్టరు ట్రాలీని ఉత్తగా ఒకసారి, పడవతో ఒకసారి తూకం వేసి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చాలి. లీటరు నీరు కిలో బరువు. తేడా క్వింటాళ్లలో ఉంటే ఆ పడవ నీళ్లనే మోస్తోంది. అడుగున పైపొర మీద బొబ్బలు కనిపిస్తే మాత్రం బెదరనక్కర్లేదు. పొర గుండా నెమ్మదిగా ఇంకిన నీరు లోపల కరిగే పదార్థాలతో కలిసి పుల్లటి వాసన గల ద్రవమై ఉబ్బుతుంది. చూడ్డానికి వికారమే గానీ, చాలాసార్లు గీకి, ఆరబెట్టి, ఎపాక్సీ పూస్తే సరిపోతుంది. కొత్త రంగు కింద పుచ్చిన అమరం దీనికి వందరెట్లు ప్రమాదం, ఇంజను బరువు, తోపు రెండూ పడేది దాని మీదే.

ఇంజను కథలోనూ గాలే విలన్. మునిగిన ఇంజను నీళ్లలో ఉన్నంతసేపు తుప్పు మెల్లగా పడుతుంది. పైకి తీశాక తడి ఇనుముకు గాలి తగిలి గంటల్లో అంటుకుంటుంది. వెంటనే మెకానిక్ దొరక్కపోతే మంచినీటి తొట్టిలో ముంచి ఉంచడమే మేలని అందుకే చెబుతారు. అమ్మేవారిని ‘ఎప్పుడు మునిగింది’ అని అడగడం కంటే ‘తీసిన రోజే విప్పి కడిగారా’ అని అడగడం ముఖ్యం. నడుస్తూ మునిగిన ఇంజనైతే ఇంకో చిక్కు: నీరు ఒత్తిడికి కుంచించుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు. ఫ్లైవీల్ చేత్తో తిప్పితే సాఫీగా తిరగాలి.

చెక్కే లేని గట్టి ఫైబర్ పడవ మునిగినా ధైర్యంగా కొనవచ్చు. అమరం ఒక్కటే పోయి ఉంటే దాన్ని కోసి కొత్తది వేయించే ఖర్చును ధరలో తగ్గించి కొనవచ్చు. దన్నుకర్రలు, తట్టు కూడా పుచ్చి ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. మిగిలేది ఉత్త డొల్ల. మనుషులను ఎక్కించే పడవైతే చిన్న అనుమానానికీ వదిలేయాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని ఈ రాష్ట్రం మరిచిపోకూడదు. 2021 నాటి అంతర్గత నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి; పాత యజమాని దగ్గర ఆ కాగితాలున్నాయో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే చూడాలి. రంధ్రం వేయడానికి అతను ఒప్పుకోకపోతే అమరం పుచ్చిందనే లెక్కగట్టి ధర చెప్పాలి.