నవల నుండి వెండితెరకు

నవలాకారుడు పాత్రల మనస్సులోని మాటను తానే చెప్పగలడు. చిత్రదర్శకుడు దానిని నటుల ముఖములందును, చేతలందును చూపవలెను. కావున నవలను చలనచిత్రముగా మలచుట సులభము కాదు.

1957లో వెలువడిన 'తోడికోడళ్ళు' ఇందుకు చక్కని నిదర్శనము. వంగ రచయిత శరత్‌చంద్ర చటోపాధ్యాయుని 'నిష్కృతి' దీనికి మూలము. అన్నపూర్ణా సంస్థ నిర్మించిన ఈ చిత్రమునకు ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు.

నవలలోనిది ఉమ్మడి కుటుంబము. నడిమి కోడలి చెప్పుడు మాటలకు పెద్దకోడలి మనస్సు విరుగును. ఏ పాపమెరుగని చిన్నకోడలు ఇల్లు విడువవలసి వచ్చును. కలహము న్యాయస్థానము వరకు పోవును. తుదకు ఇంటి పెద్ద గ్రామమునందలి ఆస్తిని ఆ చిన్నకోడలికే వ్రాసియిచ్చి, పగను చల్లార్చును.

ఈ కథను దర్శకుడు తెలుగునేలకు తెచ్చెను. నాగేశ్వరరావు, సావిత్రి పొలమునకు గూడతో నీరు తోడుచుండగా వినవచ్చు కొసరాజు పాట నవలలో లేదు. అయినను దంపతుల అనురాగమును, కష్టములోని తీపిని ఆ ఒక్క దృశ్యము కన్నులకు కట్టించును.

బాలబాలికలారా! వేషభాషలు మార్చినను మూలకథ ప్రాణమును నిలుపుటయే మంచి అనుసరణము. ధనము విడదీసిన మనస్సులను ఔదార్యము కలుపుననునదే ఈ కథకు ప్రాణము.