మాతృభాషా పద్ధతిలో వయొలిన్ బోధన: సుజుకీ ఉపాధ్యాయుల వేసవి శిక్షణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

జపాను పిల్లలందరూ జపాను భాషను అనర్గళంగా మాట్లాడతారు. ఎవరికీ విశేషంగా తోచని ఈ విషయం వయొలిన్ విద్వాంసుడు షినిచి సుజుకీ (1898–1998)ని ఆలోచింపజేసింది. నగోయాలో వయొలిన్ల కర్మాగారం నడిపిన కుటుంబంలో జన్మించిన సుజుకీ 1920లలో బెర్లిన్ వెళ్లి కార్ల్ క్లింగ్లర్ వద్ద శిష్యరికం చేశారు. అక్కడ జర్మన్ భాష నేర్చుకోవడానికి ఎంతో అవస్థపడ్డారు. పెద్దవాడైన తనకు ఇంత కష్టమైన పని పసిబిడ్డలకు ఎలా సాధ్యమవుతున్నది? మాతృభాష నేర్వడంలో విఫలమయ్యే బిడ్డ దాదాపుగా లేనప్పుడు, సంగీతానికి మాత్రం పుట్టుకతో వచ్చే ప్రతిభ ఉండాలని ఎందుకు అనుకోవాలి? ఈ ప్రశ్నల నుంచి రూపొందినదే మాతృభాషా పద్ధతి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత మత్సుమోతో పట్టణం దీనికి కేంద్రమైంది.

ఈ పద్ధతిలో పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నది తరచుగా చర్చకు వచ్చే విషయమే. ఉపాధ్యాయులు ఎలా తయారవుతారన్నది అంతగా చర్చకు రాదు. భాషాబోధకులమైన మనకు రెండవదే ఎక్కువ ఉపయోగకరమని నా అభిప్రాయం. ప్రస్తుత వ్యాసం ఆ ఉపాధ్యాయుల వేసవి శిక్షణను, ప్రధానంగా అమెరికాలో అది నడిచే తీరును వివరిస్తుంది.

వేసవి ఎందుకు?

1958లో జపాను బాలబాలికలు సామూహికంగా వయొలిన్ వాయిస్తున్న చలనచిత్రాన్ని ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్‌లో ప్రదర్శించారు. మరుసటి ఏడాది జాన్ కెండల్ అనే అధ్యాపకుడు స్వయంగా జపాను వెళ్లి పరిశీలించి వచ్చారు. 1964లో సుజుకీ తన చిన్నారి శిష్యులతో అమెరికాలో పర్యటించారు. 1971లో మార్జరీ ఏబర్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాయింట్‌లో వేసవి శిక్షణాలయాన్ని ఆరంభించారు. తరువాత అనేక చోట్ల వెలసిన శిక్షణాలయాలకు అదే నమూనా అయింది.

బడికి సెలవులు కాబట్టి వేసవి అనుకూలమన్నది పైకి కనిపించే కారణం మాత్రమే. సెలవులు కావడం వల్ల ఒకే ప్రాంగణానికి పిల్లలు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి వస్తారు. ఒక గదిలో నాలుగేళ్ల పాపకు పాఠం జరుగుతుంటే, గది వెనుక వరుసలో శిక్షణార్థులైన ఉపాధ్యాయులు నోటుపుస్తకాలతో మౌనంగా కూర్చుంటారు. ఇలా పరిశీలనకు నిర్ణీతమైన గంటలు ఉంటాయి. అవి పూర్తి కానిదే కోర్సు పూర్తయినట్లు కాదు. అంటే శిక్షణకోసం ఏర్పాటు చేసిన కృత్రిమమైన తరగతి కాక, సజీవమైన తరగతే ఇక్కడ పాఠ్యగ్రంథం. మన పునశ్చరణ కోర్సులలో అధ్యాపకులు రోజంతా ఉపన్యాసాలు వింటారు. మరొక అధ్యాపకుడు పాఠం చెబుతుండగా చూసే అవకాశం నాకైతే ఒక్కసారి కూడా రాలేదు.

మొదటి పుస్తకం వద్దకు తిరిగి రావడం

వయొలిన్‌కు సుజుకీ కూర్చిన పాఠ్యక్రమం పది పుస్తకాలు. శిక్షణ కూడా పుస్తకాల వారీగానే సాగుతుంది. మొదటి పుస్తకానికి వారం కంటె కొంత ఎక్కువ, తరువాతి వాటికి సుమారుగా ఒక్కొక్క వారం పడుతుంది. చేరదలచినవారు ముందుగా తమ వాదనాన్ని రికార్డు చేసి పంపి అర్హత నిరూపించుకోవాలి. కష్టతరమైన కచేరీ రచనలను వాయించగల ఇటువంటి విద్వాంసులు, చేరిన తరువాత మొదట చేసేది 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' వరుసను వాయించడం! మొదటి పుస్తకంలోని పదిహేడు రచనలలో మొదటిది ఆ వరుసకు కట్టిన లయభేదాలే.

వాటిలో మొదటి లయభేదం తెలుగు ఛందస్సు తెలిసినవారిని ఆకర్షిస్తుంది. అందులో నాలుగు పొట్టి స్వరాలు, వాటికి రెట్టింపు నిడివిగల రెండు స్వరాలు వస్తాయి. మన పరిభాషలో నలము, గగము: రెండు చతుర్మాత్రా గణాలు. అమెరికా ఉపాధ్యాయులు దీనిని పిల్లలకు లెక్క రూపంలో చెప్పరు. 'మిసిసిపి హాట్ డాగ్' అని పలికిస్తారు. తెలుగు పిల్లలకైతే 'చిటపట వానా' అనిపిస్తే సరిపోతుంది. మాట నోటికి వచ్చిన తరువాత చేతికి వస్తుంది. గణవిభజన సూత్రం చెప్పి, ఆ తరువాత పద్యం చదివించే మన తరగతులు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నాయి.

శిక్షణార్థులు ఒక్కొక్క రచనను విడదీసి, అందులో బిడ్డ ఎక్కడ తడబడుతుంది, ఆ తడబాటు రాకముందే ఏ చిన్న అభ్యాసం ఇవ్వాలి అని ఆలోచిస్తారు. కొందరు శిక్షకులు కమానును ఎడమచేతికి ఇచ్చి వాయించమంటారు. అరక్షణంలో విద్వాంసుడు మళ్లీ శిశువవుతాడు. మరచిపోయిన కష్టం చేతికి జ్ఞాపకం వస్తుంది. తరువాత వారిలో వారే ఒకరికొకరు పాఠం చెప్పుకుంటారు. ఒక పాఠంలో ఒకే అంశాన్ని సరిదిద్దాలన్నది ఇక్కడి కట్టుబాటు. బిడ్డ వాదనంలో ఐదు దోషాలు వినిపిస్తున్నా నాలుగింటిని ఆ రోజుకు వదిలివేయగలగడమే ఉపాధ్యాయునికి కఠినమైన సాధన.

పోలిక ఎంతవరకు?

భాషతో పోలికను శిక్షణలో మూడు చోట్ల ఆచరణలోకి తెస్తారు. బిడ్డ మాట్లాడటానికి ముందు ఎన్నో నెలలు వింటుంది కాబట్టి రచనల రికార్డును ఇంట్లో ప్రతిరోజూ వినిపించాలి. తొలి పలుకులను బిడ్డ ఎన్నడూ విడిచిపెట్టదు కాబట్టి పాత రచనలను వాయిస్తూనే ఉండాలి. మాటలు వచ్చిన తరువాతే చదువు కాబట్టి స్వరలిపిని కొంత ఆలస్యంగా నేర్పాలి. ఈ మూడవ అంశంపైనే విమర్శ ఎక్కువ. చెవితో వేగంగా ముందుకు వెళ్లిన పిల్లలు స్వరలిపి చదవడంలో వెనుకబడతారన్నది ఆక్షేపణ. స్వరలిపిని ఎప్పుడు, ఎలా ప్రవేశపెట్టాలన్నది అందుకే శిక్షణలో ప్రత్యేక చర్చనీయాంశం.

మన సంప్రదాయంలోనూ విద్య గురుముఖంగా వినడంతోనే మొదలవుతుంది. అయితే కర్ణాటక సంగీత విద్యార్థి సరళీస్వరాలతో ఆరంభిస్తాడు. సుజుకీ విద్యార్థి అప్పటికే చెవికి పరిచితమైన పాటతో ఆరంభిస్తాడు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు వంటివారి చేతిలో ఈ పాశ్చాత్య వాద్యం మనదైపోయింది. నిలబడి వాయించే దానిని కింద కూర్చుని వాయించే విధంగా భంగిమ కూడా మారింది. కనుక సుజుకీ భంగిమాభ్యాసాలు మనకు యథాతథంగా పనికిరావు. ఆలోచన పనికివస్తుంది.

పోలిక నిజంగా బలహీనపడే చోటు వేరొకటి ఉంది. భాష బిడ్డ చుట్టూ తనంతట తానే ఉంటుంది, వయొలిన్ ఉండదు. ఆ పరిసరాన్ని ఇంట్లో ఎవరో ఒకరు కల్పించాలి. అందువల్ల తల్లి గాని తండ్రి గాని పాఠానికి హాజరై గుర్తులు రాసుకుంటారు. అనేక చోట్ల బిడ్డ కంటె ముందు తామే కొన్ని వారాలు వాయిద్యం పట్టి నేర్చుకుంటారు. ఉపాధ్యాయుడు పెద్దవారికి కూడా బోధించవలసి వస్తుంది. సంగీత విద్యలో పట్టా పొందినవారికి సైతం ఈ పని కొత్తదే. అలసిపోయి వచ్చిన తల్లిని నొప్పించకుండా, బిడ్డ ఎదుట చులకన చేయకుండా, ఇంటి అభ్యాసంలోని పొరపాటును ఆమెకు ఎలా చెప్పాలి? వెనుక వరుసలో కూర్చున్న శిక్షణార్థులు ఇటువంటి సందర్భాలనే శ్రద్ధగా రాసుకుంటారు. మొదటి పుస్తకపు శిక్షణ పూర్తిచేసి కొన్నేళ్లు పాఠాలు చెప్పిన తరువాత, అదే పుస్తకాన్ని మరో వేసవిలో మరొక శిక్షకుని వద్ద తిరిగి నేర్చుకోవడానికి వచ్చేవారు కూడా ఉంటారు.